అమ్మకి డాక్టర్ దగ్గర మాట్లాడే ఇంగ్లీష్: ముందు మాటలా, గ్రామరా?

తెనాలమ్మాయి (చర్చ మొదలుపెట్టినవారు)

అమ్మ వచ్చే నెల తెనాలి నుంచి న్యూజెర్సీ వస్తోంది, ఆరు నెలలు ఉంటుంది. షుగరు, థైరాయిడ్ రెండూ ఉన్నాయి. పదో తరగతి చదివింది, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. మేమిద్దరం ఆఫీసుకి వెళ్ళిపోతే ఇంట్లో ఒక్కతే. ఒంట్లో ఎలా ఉందో తనంతట తను చెప్పుకోగలిగితే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

పోయినసారి విరేచనాలైతే ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. నేను కారు పెట్టి వచ్చేలోపు "టూ డేస్ మోషన్స్" అని చెప్పేసింది. నర్సు చెయ్యి అటూ ఇటూ ఊపి, ఎలాంటి మోషన్ అని అడుగుతోంది. అమ్మకి తల కొట్టేసినట్టయింది. మోషన్స్ అనే మాట అక్కడ చెల్లదని నాకూ ఆ రోజే తెలిసింది. డయేరియా అన్న ఒక్క మాట వచ్చుంటే పనైపోయేది.

మా బావగారేమో టెన్సుల చార్టు పంపారు, పన్నెండు గళ్ళు. పునాది లేకుండా గోడ కడతావా అంటారు. అమ్మ అది చూసి "ఇదంతా నేర్చుకోవాలంటే నేను రానే రాను" అంది. నా లెక్క ప్రకారం యాభై మాటలు చాలు, గ్రామర్ అక్కర్లేదు. మీరేమంటారు?

చింతచిగురు

మాటలే. అనుమానమే లేదు. "సిన్స్ త్రీ డేస్ ఫీవర్" అంటే అర్థం కాని డాక్టరు ఉంటాడా? సిన్స్ కాదు ఫర్ అనాలని దిద్దుకుంటూ కూర్చుంటే జ్వరం దానంతటదే తగ్గిపోతుంది.

బడిపంతులు

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సిన్స్, ఫర్ దగ్గర మీతో పేచీ లేదు. ఆ చార్టు కూడా పక్కన పెట్టేయండి. కానీ గ్రామర్ అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను.

నర్సు అడుగుతుంది: "యు డోంట్ హావ్ ఎనీ ఎలర్జీస్?" మనం తెలుగులో ఏమంటాం? "అవునండీ, లేవు." అదే అలవాటున అమ్మగారు "యెస్" అంటారు. మన 'అవును' అవతలివాళ్ళు అన్నమాట నిజమేనని ఒప్పుకోవడం. ఇంగ్లీషు 'యెస్' అలా కాదు, ఉన్నాయనే అర్థం. లేకపోతే 'నో' అనే అనాలి. ఎలర్జీలు లేని మనిషికి ఉన్నాయని రాసుకున్నారంటే అది ఏ మాట రాకపోవడం వల్ల? యెస్, నో రెండూ వచ్చు కదా ఆవిడకి!

రెండోది మందుల సంగతి. వేసుకుంటున్నాను, వేసుకున్నాను, వేసుకునేదాన్ని. ఈ మూడూ అమ్మగారు తెలుగులో ఒక్కనాడూ తప్పు చెప్పరు. ఇంగ్లీషులో అవే ఐ టేక్, ఐ టుక్, ఐ యూజ్డ్ టు టేక్. అన్నిటికీ 'టేక్' అని ఊరుకుంటే, నిరుడు మానేసిన బిళ్ళ ఇంకా వాడుతున్నారనే అనుకుంటారు.

చింతచిగురు

మాస్టారూ, మానేసిన బిళ్ళకి "స్టాప్డ్ లాస్ట్ ఇయర్" అంటే సరిపోదా? అవి మాటలే కదా.

బడిపంతులు

స్టాప్ మాట. చివర ఆ 'డ్' ఉంది చూడండి, అది గ్రామర్.

తెనాలమ్మాయి

మాస్టారూ, యెస్-నో సంగతి నాకు అస్సలు తట్టలేదు. ఇప్పుడే ఫోన్ చేసి పరీక్ష పెట్టాను. "అమ్మా, నువ్వు ఇంకా టిఫిన్ తినలేదు కదా?" అంటే "అవును" అంది. ఇంగ్లీషులో చెప్పు అంటే "యెస్" అంది. నిజానికి తినలేదు. అంతెందుకు, పదకొండేళ్ళ నుంచి ఇక్కడున్న మా ఆయన కూడా అదే జవాబిచ్చాడు.

ఖమ్మంసిస్టర్

నేను యూకేలో నర్సుని. రావడానికి ముందు ఓఈటీ రాశాను, వైద్యరంగం వాళ్ళకే పెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది. స్పీకింగ్‌లో రెండు రోల్ ప్లేలు. కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలు, మాట్లాడటానికి 5 నిమిషాలు. ఎదురుగా ఉన్నావిడ పేషెంటులా నటిస్తుంది. మార్కులు వేసే అంశాలు తొమ్మిదైతే అందులో గ్రామర్ వాటా ఒక్కటి. పేషెంటు చెప్పేది విన్నావా, భయం గమనించావా, ఒక వరసలో అడిగావా, ఇలాంటివే సగం పైన. ఇది మాస్టారిని కాదనడానికి చెప్పట్లేదు, గ్రామర్‌కి ఎంత పీట వెయ్యాలో చెప్తున్నానంతే.

నన్ను ఏడిపించింది మాత్రం మాటలే, అదీ ఏ పుస్తకంలోనూ కనపడనివి. వచ్చిన మొదటి వారంలో ఒక పెద్దాయన "ఐ హావ్ బీన్ సిక్" అన్నాడు. అయ్యో, ఎన్నాళ్ళ నుంచి బాలేదండీ అని అడుగుతున్నాను. పక్కన సీనియర్ పరుగున వెళ్ళి బేసిన్ తెచ్చింది. ఇక్కడ 'బీన్ సిక్' అంటే వాంతి అయిందని. ఒంట్లో బాలేకపోతే 'పూర్లీ' అంటారు. మూత్రం సరిగ్గా వస్తోందా అనడానికి "వాటర్‌వర్క్స్ ఎలా ఉన్నాయి?" అని అడుగుతారు. నాకైతే మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు గుర్తొచ్చింది. ఇవన్నీ ఈ దేశపు మాటలు, తెనాలి అమ్మగారికి అక్కర్లేదు. కానీ ఇంగ్లీషు మాటల పట్టికతో మొదలుపెడితే ఇలాగే అవుతుంది. అమ్మ నోట్లో ఉన్న తెలుగు మాటతో మొదలుపెట్టండి.

నొప్పి అంటే మనకి ఒకటా? సలుపుతోంది అంటే థ్రాబింగ్. పొడుస్తోంది అంటే స్టాబింగ్. మంట బర్నింగ్. పీకుతోంది అంటే డల్ ఏక్ అనొచ్చు. తిమ్మిరి నంబ్‌నెస్. నడుం పట్టేస్తే స్పాజమ్, కాలు బెణికితే స్ప్రెయిన్. కళ్ళు తిరిగితే డిజీ. "మై ఐస్ ఆర్ రొటేటింగ్" అన్నవాళ్ళని స్వయంగా చూశాను. డాక్టరు ఎలాగూ నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలా ఉంది, ఇంకెక్కడికైనా పాకుతోందా అని ఇదే వరసలో అడుగుతారు. ఆ 'ఎలా ఉంది' దగ్గరే మనవాళ్ళు "టూ మచ్ పెయిన్" అని ఆగిపోతారు.

జిమ్‌బ్రో_కూకట్‌పల్లి

నేను ట్రైనర్‌ని, బయటి దేశాల వాళ్ళకి ఆన్‌లైన్ క్లాసులు చెప్తా. నాది డిగ్రీ ఫెయిల్ ఇంగ్లీషు, అయినా నడుస్తోంది. సెట్, రెప్, స్క్వాట్, ప్లాంక్ అన్నీ మనం రోజూ అనేవే. నాకు రెండే దెబ్బ కొట్టాయి. ఒకటి, 'సోర్' అంటే కసరత్తు చేసిన మర్నాడు ఒళ్ళు నొప్పులు, పర్లేదు, చెయ్యొచ్చు. 'షార్ప్ పెయిన్' అంటే వెంటనే ఆపెయ్యాలి. మనకి రెండూ నొప్పే. ఇంకోటి, "ఐ రెడ్యూస్డ్ సిక్స్ కేజీస్" అంటే క్లయింటు ఇంకా ఏదో చెప్తాననుకుని చూస్తోంది. బరువు తగ్గితే 'లాస్ట్' అనాలంట.

బడిపంతులు

తగ్గాను, తగ్గించాను తేడా అది, తమ్ముడూ. నువ్వు తగ్గాను అనబోయి తగ్గించాను అన్నావు. అది కూడా గ్రామరే :)

ఎన్నారైబాబాయ్

ఎందుకమ్మా పెద్దావిడకి ఈ శిక్ష? అమెరికాలో ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రులు అడిగినవాళ్ళకి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, అది చట్టం. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అనే మూడు మాటలు నేర్పు చాలు.

తెనాలమ్మాయి

బాబాయ్ గారూ, అది కూడా పోయినసారి అడిగాం. ఫోన్లో ఒకాయన వచ్చారు. పాపం మంచివారే. "మీకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా?" అని అడిగారు. అమ్మకి ఫిట్స్ అంటేనే తెలుసు, మూర్ఛ అంటే సొమ్మసిల్లడం అనుకుని, మా పెళ్ళిలో ఎండకి పడిపోయిన కథంతా చెప్పింది. అయినా మీ మూడు మాటలూ పట్టికలో మొదట పెడుతున్నాను.

ఖమ్మంసిస్టర్

ఇంకొకటి. మందుల పేర్లు. డోలో అన్నా, థైరోనార్మ్ అన్నా అక్కడ తెలియదు. థైరోనార్మ్‌కి లీవోథైరాక్సిన్ అని చెప్పాలి. పారాసిటమాల్‌ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. షుగర్ లెక్క మీకు ఇబ్బంది లేదు, ఇండియాలో ఉన్నదే. మా దగ్గరైతే 180ని 10 అంటారు, కొలత వేరు. మొదట్లో నాకే గుండె ఆగినంత పనైంది.

చింతచిగురు

అంటే నేను గెలిచినట్టా, ఓడినట్టా?

బడిపంతులు

మీ యాభై మాటల్లో నాకు మూడు వాక్యాలు ఇవ్వండి, రాజీ పడదాం.

తెనాలమ్మాయి

ఇచ్చేశాను మాస్టారూ. ఒక అట్ట మీద ఎడమ పక్క అమ్మ మాట, కుడి పక్క ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో రాశాను. ముప్ఫై ఎనిమిది వచ్చాయి. వెనక పక్క ఐ టేక్, ఐ టుక్, ఐ స్టాప్డ్. అడుగున ఎర్ర పెన్నుతో "లేకపోతే నో. వాళ్ళు ఎలా అడిగినా సరే నో." మందుల అసలు పేర్లు వేరే చీటీ మీద రాశాను, అది పర్సులో ఉంటుంది. 'వేడి చేసింది' దగ్గర చాలాసేపు ఆగి, చివరికి కొట్టేశాను. ఇంగ్లీషులో దానికి సాటి మాట దొరకలేదు. నోట్లో పుండ్లో, కళ్ళ మంటో, ఏది ఉంటే అది చెప్పమన్నాను.

ఫొటో పంపితే అమ్మ అంతా చదివి ఒక్కటే అడిగింది, పొలమారడం రాయలేదేమని. "వెంట్ డౌన్ ద రాంగ్ వే" అని చెప్పాను. "అంతేనా? ఎవరో తలుచుకుంటున్నారని కూడా చెప్పాలా వాళ్ళకి?" అంది.