ఒక్క లెక్కా తప్పకూడదనే పట్టుదల: ర్యాంకు తెస్తుందా, పిల్లాణ్ణి తినేస్తుందా?

లెక్కల మాస్టారు:
ఇంజినీరింగ్ ఈఏపీసెట్ రాసే పిల్లల్లో "అన్నీ కరెక్టే రావాలి" అనే పట్టుదలను ఈమధ్య అందరూ జబ్బు అంటున్నారు. నాకు రుచించలేదు. డెఫినెట్ ఇంటిగ్రల్లో సబ్‌స్టిట్యూషన్ చేసి లిమిట్స్ మార్చడం మరిచినా, ఒక్క మైనస్ జారినా, వచ్చే తప్పు జవాబు చాలాసార్లు ఆప్షన్లలో సిద్ధంగా కూర్చుని ఉంటుంది. సరిచూసుకునే అలవాటు లేనివాడు దాన్నే నొక్కి హాయిగా ముందుకెళ్తాడు. చాదస్తమే అనుకోండి, మార్కులు నిలబెట్టేది అదే.

బెజవాడ కౌన్సిలర్:
మాస్టారూ, మీరు చెప్పేది శ్రద్ధ. దాన్నెవరూ జబ్బు అనరు. హ్యూయిట్, ఫ్లెట్ అనే మనస్తత్వవేత్తలు 1991లో తప్పే రాకూడదనే ఆరాటాన్ని, అంటే పర్ఫెక్షనిజాన్ని, మూడుగా విడదీశారు: నా నుంచి నేను కోరుకునేది, ఎదుటివాళ్ల నుంచి నేను కోరేది, అందరూ నా నుంచి కోరుతున్నారని నేననుకునేది. కుంగుబాటుతో గట్టిగా ముడిపడి కనిపించేది మూడోది. 98 వస్తే "ఆ రెండు ఎక్కడ పోయాయి?" అంటామే, మన ఇళ్లలో దాని రూపం అదే.

స్టాప్‌వాచ్:
సైకాలజీ పక్కన పెట్టండి, టైము లెక్క చూడండి. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67.5 సెకన్లు, ఒకటే మార్కు. మొండికేసి ఒకదానిమీద ఆరు నిమిషాలు కూర్చుంటే ఐదు ప్రశ్నల టైము హరీ. పైగా నెగెటివ్ లేదు. తెలియని 20 వదిలేస్తే సున్నా, గుడ్డిగా నొక్కినా సగటున 5. మన పర్ఫెక్షనిస్టు మాత్రం "తెలియకుండా ఎలా పెడతాను" అని వదిలేస్తాడు!
నేను చెప్పే వాటా: కెమిస్ట్రీకి 35 నిమిషాలు, ఫిజిక్స్‌కి 45, మ్యాథ్స్‌కి 85. మిగిలే 15 వెనక్కి తిరిగి చూడటానికి. 90 సెకన్లలో దారి దొరక్కపోతే ఏదో ఒక ఆప్షన్ నొక్కి, మార్క్ ఫర్ రివ్యూ పెట్టి కదలాలి.

లెక్కల మాస్టారు:
జేఈఈ మెయిన్‌కి ఇదే మంత్రం చెప్పకండి బాబూ. అక్కడ ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. గుడ్డిగా నొక్కితే సగటున పావు మార్కు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే ఒకటిన్నర. సరే, హాల్లో వదిలేయమనండి, ఇంట్లో తప్పులు రాసుకునే ఎర్రర్ నోట్‌బుక్ దగ్గర మాత్రం రాజీ కుదరదు.

బెజవాడ కౌన్సిలర్:
అసలు తంటా ఆ నోట్‌బుక్ దగ్గరే మాస్టారూ. కొట్టివేత పడిందని పేజీ చింపి మళ్లీ రాయడం, మూడు రంగుల పెన్నులు, గంట గడిచాక చూస్తే రెండు లెక్కలు. వద్దని చెప్తే మానరు, చేసి చూపించాలి. పది లెక్కలు టైమర్ పెట్టి, సరిచూడకుండా చేయించండి. ఎన్ని తప్పుతాయో ముందే కాగితం మీద రాయించండి. తర్వాత ఆ స్థాయివే మరో పది, సరిచూస్తూ. భయపడి రాసిన అంకెనూ నిజంగా తప్పినవాటినీ పక్కపక్కన పెడితే మనం మాట్లాడే పని తగ్గుతుంది. మాక్ టెస్టులు ఎగ్గొడుతున్నా, నిద్ర పట్టడం లేదన్నా మాత్రం ప్రయోగాలు ఆపి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

స్టాప్‌వాచ్:
నోట్‌బుక్‌లో తప్పుకు రెండే లైన్లు: ఏ స్టెప్ తప్పింది, ఎందుకు తప్పింది. సొల్యూషన్ మొత్తం ఎక్కించొద్దు.

లెక్కల మాస్టారు:
రెండు లైన్లకు సరే. మేడమ్ గారి పది లెక్కల్లో ఇండెఫినిట్ ఇంటిగ్రల్స్ మాత్రం పెట్టకండి. జవాబును డిఫరెన్షియేట్ చేసి చూడటానికి చాలాసార్లు పది సెకన్లు చాలు. అది మాన్పించడానికి నేను ఒప్పుకోను.