1937కీ 1947కీ మధ్య హోర్క్‌హైమర్ ఆలోచన ఎక్కడ మలుపు తిరిగింది?

ఎం.ఏ. సెమినార్ పేపర్ కోసం ఫ్రాంక్‌ఫర్ట్ స్కూల్ (సమాజాన్ని విమర్శించిన జర్మన్ తత్వవేత్తల బృందం) చదువుతూ మూడు వారాలుగా ఒక్కచోటే ఆగిపోయాను. ‘సంప్రదాయ సిద్ధాంతం, విమర్శనాత్మక సిద్ధాంతం’ అనే 1937 వ్యాసంలో ఆ బృందానికి నాయకుడైన హోర్క్‌హైమర్, సమాజాన్ని వివరించి ఊరుకుంటే చాలదు, మార్చడానికి పనికొచ్చే సిద్ధాంతం కావాలంటాడు, హేతువు (రీజన్, అంటే మనిషి తర్కబుద్ధి) మీద నమ్మకం గట్టిగానే ఉంది. అదే మనిషి, బృందంలోనే ఉన్న అడోర్నోతో కలిసి రాసి 1947లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ‘డయలెక్టిక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్’ పుస్తకంలో ఆ హేతువే ఆధిపత్యానికి పనిముట్టయిందంటాడు. నాజీలు, ప్రవాసం, యుద్ధం కారణాలని తెలుసు, కానీ వాదన లోపల ఏం మారిందో దొరకట్లేదు. మొదటిది రెండుసార్లు, రెండోదాంట్లో సంస్కృతి పరిశ్రమ (సినిమా, రేడియో లాంటివి సరుకుల్లా తయారవడం) అధ్యాయం మూడుసార్లు చదివాను, మార్జిన్ నిండా పెన్సిల్ గీతలే. అదే బృందంలోని ఆర్థికవేత్త పోలక్ 1941 నాటి స్టేట్ క్యాపిటలిజం వ్యాసం చదవమని ఒక సీనియర్ అన్నారు. ప్రభుత్వం పూనుకుంటే ఆర్థిక సంక్షోభాల్ని అదుపు చెయ్యొచ్చన్నది అర్థమైంది గానీ, అక్కణ్ణుంచి హేతువు మీద అనుమానానికి దారి కనబడలేదు. పోలక్ వాదననీ ఈ అనుమానాన్నీ కలిపే హోర్క్‌హైమర్ వ్యాసం ఏది?