దమ్ములో దిగిన ఇరవై నిమిషాలకే పాత మాస్సీ ట్రాక్టర్ వణికిపోతోంది, ఇంజెక్షన్ పంపు విప్పించాలా?

ఆమదాలవలస రైతు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న మాస్సీ 1035 అండి, మూడు సిలిండర్ల బండి, నలభై ఏళ్లు దాటింది. ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయి, కాలవ నీళ్లు మడిలోకి వచ్చేశాయి, సరిగ్గా ఇప్పుడే మొండికేసింది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది, ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే ఆడుతుంది. కేజ్ వీల్స్‌తో (బురదలో వేసే ఇనుప చక్రాలు) దమ్ములో దిగి ఇరవై నిమిషాలు అయ్యేసరికి సౌండ్ ఎక్కుతూ దిగుతూ ఒక సిలిండర్ కొట్టడం మానేసినట్టు బండంతా ఊగుతుంది, బానెట్ దడదడలాడుతుంది, రేజ్ చేసినా అందుకోదు. ఆపి పది నిమిషాలు ఉంచితే మళ్లీ వెంటనే స్టార్ట్, మళ్లీ మామూలే. నల్ల పొగ లేదు, వణికినప్పుడు కొంచెం తెల్ల పొగ. డీజిల్ ఫిల్టర్లు రెండూ కొత్తవే. ఒక మెకానిక్ ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకి డీజిల్ కొలిచి కొట్టేది) విప్పి క్యాలిబ్రేషన్ చేయించాలి, పన్నెండు వేలు, వారం పడుతుంది అంటున్నాడు. వారం ఆగితే నారు ముదిరిపోతుంది, చాలా టెన్షన్‌గా ఉంది.

బొబ్బిలి డీజిల్ పని:
తమ్ముడూ, పంపు జోలికి ఇప్పుడే వెళ్లకు. పంపు అరిగితే వేడి మీద స్టార్ట్ అవ్వడమే కష్టం, నీది వెంటనే అందుకుంటోంది అంటున్నావు కదా. ఆగితే సర్దుకుంటోంది అంటే డీజిల్ చాలినంత రావడం లేదని నా లెక్క. ట్యాంకు నుంచి మొదలుపెట్టు. ఈసారి వణకగానే ట్యాంకు మూత తిప్పు, ఉస్సుమని గాలి లోపలికి లాగి ఇంజన్ తేరుకుంటే మూతకున్న సన్న చిల్లు బురదతో మూసుకుపోయినట్టే, దమ్ములో ఇది మామూలు. తేరుకోకపోతే లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు) దగ్గర ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి సీసా పట్టు. ధార లావుగా నిలకడగా పడాలి, దారంలా సన్నబడితే ట్యాంకు కుళాయిలో మడ్డి ఉంది. మూత తీసి ఉంచి, సైకిల్ పంపుతో ఆ పైపులోంచి వెనక్కి గాలి కొట్టు.

చీపురుపల్లి నుంచి:
అన్న చెప్పింది కరెక్ట్. ఇంకొకటి, ఫిల్టర్‌కి వెళ్లే పైపు బదులు గట్టి ప్లాస్టిక్ పారదర్శక పైపు తాత్కాలికంగా పెట్టి చూడండి, బుడగలు పోతుంటే గాలి పీలుస్తోందన్నమాట. ఫిల్టర్ మార్చినప్పుడు పాత రాగి వాషర్లే మళ్లీ వేస్తే ఇలాగే అవుతుంది, మాకు జరిగింది. అది కాకపోతే స్లోలో ఆడుతుండగా ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కోటి కొంచెం వదులు చేసి వినండి, ఏ నట్టు వదిలినప్పుడు సౌండ్ మారదో ఆ సిలిండర్ పని చేయడం లేదు. గుడ్డ చుట్టుకున్నా ఆగదు, చెయ్యి గానీ వేలు గానీ అడ్డం పెట్టొద్దు. ఆ డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చాలా ప్రమాదం.

ఆమదాలవలస రైతు:
మూత తిప్పితే ఏమీ మారలేదు. పైపు ఊడదీస్తే మొదట గ్లాసుడు డీజిల్ బాగా పడి, తర్వాత సన్నటి దారమే. కుళాయి విప్పితే లోపల జాలీ మీద నల్లటి జిగురు, దాంట్లో గడ్డిపోచ ఒకటి. డబ్బాలతో తెచ్చి పోస్తాం, అలా పడి ఉంటుంది. కడిగి బిగించాను, కానీ ఇప్పుడు పైపుల్లో చేరిన గాలి పోవడం లేదు, లిఫ్ట్ పంపు లీవర్ కొడుతుంటే వదులుగా ఆడుతోంది, డీజిల్ రావట్లేదు.

బొబ్బిలి డీజిల్ పని:
అది పాడవలేదు, దాన్ని కదిపే ఇంజన్ క్యామ్ గుబ్బ మీద ఆగింది. ఇంజన్ కొంచెం తిప్పి మళ్లీ కొట్టు, లీవర్ బిగువుగా వస్తుంది. ముందు ఫిల్టర్ మీది గాలి వదిలే స్క్రూ వదులు చేసి బుడగలు ఆగేవరకు లీవర్ కొట్టు, తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా అలాగే, చివర ఇంజెక్టర్ నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టు.

ఆమదాలవలస రైతు:
అందుకుంది అన్నా! నిన్న మూడు గంటలు ఏకధాటిగా దమ్ము పట్టాను, ఒక్కసారి కూడా వణకలేదు. ఇక డబ్బా మూతికి గుడ్డ కట్టే పోస్తున్నాను. ఉభాలు అవగానే ట్యాంకు దించి కడిగిస్తాను.