జపనీస్ మసు పెట్టెకు ఏ కాగితం వాడాలి? అనంతపురంలో దొరుకుతుందా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. వచ్చే నెల మా అక్క సీమంతం. పేరంటాళ్లకు ఇచ్చే ఇత్తడి కుంకుమ భరిణెల్ని చేత్తో మడిచిన కాగితం పెట్టెల్లో పెట్టి ఇవ్వాలని నా కోరిక. మొత్తం 60 కావాలి. గమ్, కత్తెర అక్కర్లేని జపనీస్ మసు పెట్టె నాకు చాలా ఇష్టం, అందుకే అదే ఎంచుకున్నా.

ఏ4 కాగితం నుంచి 21 సెం.మీ. చదరం తీసి మామూలుగా మడిస్తే పెట్టె 7.4 సెం.మీ. వెడల్పు, 3.7 ఎత్తు వస్తుంది. భరిణె ఎత్తు 4.5. అందుకని నాలుగు మూలలూ మధ్యకు మడిచాక వచ్చే చదరాన్ని నాలుగు భాగాలకు బదులు మూడు భాగాలు చేస్తున్నా. అప్పుడు వెడల్పు, ఎత్తు రెండూ దాదాపు 5 సెం.మీ. మూతకు 14.5 సెం.మీ. చదరం మామూలు పద్ధతిలో మడిస్తే చక్కగా కూర్చుంటుంది.

చిక్కంతా కాగితంతోనే. మూడు భాగాల పద్ధతిలో రెండు వైపుల గోడల్లో మడతలు ఒకదానిమీద ఒకటి పడి దళసరి అవుతాయి. జిరాక్స్ కాగితమైతే గోడలు ఉబ్బుతున్నాయి. రంగు చార్ట్ అయితే మడత దగ్గర పగిలి తెల్లగా గీత పడుతోంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది.

100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు అని) రంగు కాగితం సరిపోతుందా? లోపలిదాకా ఒకే రంగుండే కాగితం ఇక్కడి స్టేషనరీ షాపుల్లో ఏ పేరుతో అడగాలి? లేక బెంగళూరు నుంచే తెప్పించుకోవాలా? ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో ముందే గీత గీసి మడిస్తే చార్ట్ పగలకుండా ఉంటుందా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.