అప్‌డేట్: 0.05 ఒక చోట, 5 సిగ్మా ఇంకో చోట ఎందుకు?

నా ప్రశ్న గుర్తుందా? మా మిర్చి రకాల ప్రయోగంలో పి విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కనబడే అవకాశం) 0.03 వస్తే, అంటే 0.05 గీత కంటే తక్కువైతే, "తేడా ఉంది" అని రాసేస్తాం. హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందని చెప్పడానికి మాత్రం 5 సిగ్మా, అంటే పి విలువ సుమారు 35 లక్షల్లో ఒకటి, కావాలన్నారు. ఎందుకీ తేడా అని అడిగాను. సమాధానం ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

నాకు బాగా అర్థమైంది జన్యుశాస్త్రం ఉదాహరణతో. ఒక జబ్బుతో సంబంధం ఉన్న జన్యు తేడాల కోసం మొత్తం జీనోమ్‌ని (జన్యు సమాచారమంతా) జల్లెడ పడితే దాదాపు 10 లక్షల స్వతంత్ర పరీక్షలు చేసినట్టు. 0.05 గీత పెట్టుకుంటే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా 50 వేలు "దొరుకుతాయి"! అందుకే 0.05ని 10 లక్షలతో భాగించి, 2 కోట్లలో ఒకటి అనే గీత పెట్టుకున్నారు. కణ భౌతికశాస్త్రంలోనూ వెతికే చోట్లు బోలెడు. 2015 డిసెంబరులో సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో 750 జీఈవీ (కణాల శక్తిని కొలిచే యూనిట్) దగ్గర అట్లాస్, సీఎంఎస్ అనే రెండు ప్రయోగాల డేటాలోనూ, కొత్త కణమేమో అన్నట్టు చిన్న గుట్టలా కనిపించింది. దాన్ని వివరించే సిద్ధాంతాలతో వందల పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టుకి ఇంకా డేటా చేరేసరికి అది మాయం. అప్పట్లో ఆ సిద్ధాంతాల మీద పనిచేసినవాళ్ల టెన్షన్ ఊహించగలను.

మాది ముందే అనుకున్న ఒకే పోలిక, రెండు రకాల మధ్య. కాబట్టి 0.05 మరీ అన్యాయం కాదు. కానీ 0.03 అంటే "97 శాతం నిజం" అని కాదు. తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకు మించిన తేడా కనబడే అవకాశం 3 శాతం, అంతే. ఇది మా గైడ్‌గారికీ చూపించాను. రిపోర్టులో ఎకరాకి దిగుబడి తేడా, దాని 95 శాతం విశ్వాస అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండొచ్చో చెప్పే అంచనా) ముందు రాస్తున్నాం. వచ్చే సీజన్‌లో మళ్లీ అదే ప్రయోగం వేస్తాం.