‘నిలకడ’ సరిపోతుందా? డేటాబేస్ పాఠానికి ఒక మాట కావాలి

మధురవాడలో డిగ్రీ పిల్లలకు తెలుగులో డేటాబేస్ పాఠాలు చెబుతున్నాను. పెద్ద టేబుల్‌ని ముక్కలు చేసే పార్టిషనింగ్ దగ్గర ఆగిపోయాను. పార్టిషన్‌ని ‘అర’ అంటున్నాను, పోపుల డబ్బాలో అర లాగా. పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. ఏ వరుస ఏ అరలోకి వెళ్ళాలో ఒక ఫంక్షన్‌తో లెక్క కట్టించవచ్చు. కానీ అది ‘ఇమ్మ్యూటబుల్’ అయితేనే మేం వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. అంటే ఒకే విలువకి ఎవరు, ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు రావాలి. దీన్ని ‘నిలకడ గల ఫంక్షన్’ అన్నాను. సరేనా?

జవాబు 1:
చక్కగా ఉందండి. ‘నిలకడ మీద నిజం తెలుస్తుంది’ అని సామెత కూడా ఉంది కదా.

జవాబు 2:
ఆ సామెతలోనే చిక్కుందండి. అక్కడ నిలకడ అంటే కొంత కాలం గడిచి కుదుటపడటం. ‘రోగి పరిస్థితి నిలకడగా ఉంది’ అని పేపర్లో చదివితే ఊపిరి పీల్చుకుంటాం, కానీ రేపటి సంగతి రేపే. పోస్ట్‌గ్రెస్‌లో సరిగ్గా ఈ అర్థానికి వేరే మాట ఉంది, ‘స్టేబుల్’. ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ఒక ప్రశ్న, నడిచినంతసేపూ జవాబు మారదు, తర్వాతి క్వెరీకి మారొచ్చు. ఇప్పటి సమయం చెప్పే ‘నౌ’ ఆ కోవలోదే. నిలకడని దానికే ఉంచండి.

పిల్లలకి ఇలా చూపించండి. మన పోర్టుకి ఓడలు వచ్చిన సమయాలు టైమ్‌జోన్‌తో సహా ఒక టేబుల్‌లో ఉన్నాయనుకుందాం. ఒక ఓడ విశాఖలో 2025 జనవరి 1 తెల్లవారుజామున 3 గంటలకి వచ్చింది. అదే క్షణం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, 2024 డిసెంబరు 31 రాత్రి 9:30. అందులోంచి సంవత్సరం తీయమంటే, అడిగేవారి సెషన్ (డేటాబేస్‌తో వారి కనెక్షన్) ఏ టైమ్‌జోన్‌లో ఉందో దాన్ని బట్టి ఒకరికి 2025, ఇంకొకరికి 2024. మరి ఆ వరుస ఏ అరలో ఉండాలి? ఒక అరలో పెట్టి ఇంకో అరలో వెతికితే దొరకదు. అందుకే ఆ ఫంక్షన్‌ని అక్కడ రానివ్వరు.

జవాబు 3:
మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లోనూ ఇదే పట్టింపు. అక్కడ అనుమతించిన ఫంక్షన్ల జాబితా ఉంది: తేదీలోంచి సంవత్సరం తీసే ఇయర్, తేదీని రోజుల లెక్కగా మార్చే టు_డేస్ వంటివి. సమయాన్ని సెకన్ల లెక్కగా మార్చే యూనిక్స్_టైమ్‌స్టాంప్‌ని టైమ్‌స్టాంప్ రకం కాలమ్ మీదే వాడనిస్తారు, టైమ్‌జోన్ లేని డేట్‌టైమ్ రకం మీద కాదు. కారణం మళ్ళీ టైమ్‌జోనే.

అడిగినవారు:
ఓడ ఉదాహరణతో విషయం తేలిపోయిందండి. స్టేబుల్ ‘నిలకడైనది’, పిలిచిన ప్రతిసారీ జవాబు మారగల వోలటైల్ ‘చంచలమైనది’. ఇమ్మ్యూటబుల్‌కి ‘మార్పులేనిది’ అని రాసుకున్నాను గానీ, చప్పగా ఉంది.

జవాబు 2:
‘మాట తప్పనిది’ అనండి. అడిగిన ప్రతిసారీ అదే మాట చెబుతుందని మనవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పరీక్షలో రాయడానికి ‘మార్పులేనిది’ ఎలాగూ ఉంటుంది.

అడిగినవారు:
రేపటి క్లాసులో బోర్డు మీద రెండూ రాస్తానండి, ముందు ‘మాట తప్పనిది’.