డెర్వెంట్ ముంపు: ఊరు పోయింది సరే, చర్చి గోపురాన్ని కూడా కూల్చాలా?

గుండ్లకమ్మ (చర్చ మొదలు): ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో ఎత్తయిన మూర్ భూములున్నాయి. పైన చల్లగాలి, హెదర్ పొదలు, తడి పీట్ నేల (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన మెత్తటి నేల). కింద లోయలో డెర్వెంట్, ఆషాప్టన్ అని రెండు ఊళ్లుండేవి. 1935లో పని మొదలై 1943లో పూర్తయిన లేడీబవర్ డ్యామ్ ఆ రెండింటినీ ముంచేసింది. నీళ్లేమో షెఫీల్డ్, డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్ నగరాలకు. 1945 సెప్టెంబరులో ఆరో జార్జి రాజు వచ్చి రిజర్వాయరును ప్రారంభించాడు. డెర్వెంట్ చర్చిని పడగొట్టినా గోపురాన్ని మాత్రం గుర్తుగా ఉంచారు. నీళ్ల మధ్య అదొక్కటే నిలబడి ఉండేది. ప్రమాదమని చెప్పి 1947 డిసెంబరు 15న దాన్ని కూడా పేల్చేశారు. లక్షల మందికి తాగునీరంటే ఊరిని తీసుకోవడం అర్థం చేసుకోగలను. గోపురాన్ని పేల్చడం మాత్రం అన్యాయం. మీరేమంటారు?

చెరువుగట్టు: నేను నీటిపారుదల పనుల్లో ఉన్నవాడిని. నీటిమట్టం తగ్గినప్పుడల్లా జనం ఆ గోపురం దగ్గరికి చేరేవారు. అడుగున పునాది నానిపోయిన రాతికట్టడం ఎప్పుడు ఒరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక్క పిల్లవాడు పోయినా ఇదే చర్చలో మనం అధికారులను తిట్టేవాళ్లం. ఇంకో మాట. ఎగువన హౌడెన్, డెర్వెంట్ డ్యామ్‌లు 1912, 1916 నాటికే పూర్తయ్యాయి. వాటిని కట్టిన కూలీల కోసం బిర్చిన్‌లీ అని రేకుల ఇళ్లతో ఒక ఊరే వెలిసింది, బడి, ఆసుపత్రితో సహా. అవి చాలకే మూడోది కట్టారు. అవసరం నిజం.

గుండ్లకమ్మ: అవసరం గురించి నాకు పేచీ లేదండి. పునాదిని గట్టి చేయొచ్చు, చుట్టూ కంచె వేయొచ్చు. డెర్వెంట్‌లో పాత రాతి వంతెన ఒకటుండేది, గుర్రాల మీద సరుకు మోసే కాలం నాటిది. దాని రాళ్లకు నంబర్లు వేసి విప్పి, తర్వాత హౌడెన్‌కు ఎగువన స్లిపరీ స్టోన్స్ దగ్గర మళ్లీ పేర్చారు. వంతెన మీద పెట్టిన శ్రద్ధలో సగం గోపురం మీద పెట్టి ఉంటే చాలదా?

షెఫీల్డ్ సుధ: మేం తాగేవి ఆ నీళ్లే కాబట్టి నాకూ ఒక మాట చెప్పాలనిపించింది. 2022 ఎండలకు నీళ్లు బాగా దిగిపోయినప్పుడు వెళ్లి చూశాను. నెర్రెలిచ్చిన బురద మధ్య మోకాలెత్తు గోడలు, గుమ్మం రాయి, పొయ్యి చోటు తెలుస్తున్నాయి. ఆషాప్టన్ మాత్రం ఒండ్రు కిందే ఉండిపోయింది. పైకి గట్టిగా కనిపించే ఆ బురద లోపలంతా మెత్తనే. 2018లో ఇలాగే ఒకాయన కూరుకుపోతే రెస్క్యూ వాళ్లు లాగాల్సొచ్చింది. గోపురం కూడా ఉండి ఉంటే జనం ఇంకెంత లోపలికి వెళ్లేవారో. చెరువుగట్టు గారి మాటతోనే ఉన్నాను.

నల్లమల వాసి: మీ ముగ్గురూ రాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా అమ్మ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఒక్క ఊరా, వంద పైచిలుకు. అప్పుడు కూడా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు, మంచిదే. ఇళ్లు పోయినవాళ్లు మాత్రం దొరికిన చోటికి చెల్లాచెదురయ్యారు. డెర్వెంట్ సమాధుల్లోని మృతదేహాలను తవ్వితీసి బామ్‌ఫర్డ్ చర్చి ఆవరణలో మళ్లీ పూడ్చారు. ఊరివాళ్లకు డ్యామ్‌కు దిగువనే, యార్క్‌షైర్ బ్రిడ్జ్ దగ్గర కొత్త ఇళ్లు కట్టించారు. ఇరుగుపొరుగు ఒకే చోట ఉండగలిగారు. ముంపు న్యాయమా కాదా అన్నది నేను కొలిచేది దీంతోనే. గోపురం ఆ తర్వాతి సంగతి.

గుండ్లకమ్మ: అన్నా, మీ బాధ ముందు నా వాదన చిన్నదే కావొచ్చు. కానీ ఇల్లిచ్చినంత మాత్రాన ఊరు ఇచ్చినట్టు కాదు కదా. పక్కనే కాపురం ఉంటున్నవాళ్లకు తమ ఊరి గుర్తుగా మిగిలింది ఆ గోపురమే. దాన్ని తీసేసే ముందు వాళ్లను అడగాల్సిందనే నేనంటున్నాను.

నల్లమల వాసి: అడగాల్సిందే, అక్కడ మీతో ఏకీభవిస్తాను. మాకైతే వేసవిలో బ్యాక్‌వాటర్ తగ్గితే సంగమేశ్వరం గుడి (అలంపురానికి తరలించిన కూడవెల్లి గుడి కాదు, ముంపులోనే ఉండిపోయిన వేరే గుడి) బయటపడుతుంది, ముంపు ఊళ్లవాళ్లం పూజకు వెళ్తాం. అది మాకు చాలా పెద్ద విషయం.

చెరువుగట్టు: అలాగైతే కూల్చాలా వద్దా అన్నదాన్ని పక్కన పెట్టి ఇది చెప్పండి: మళ్లీ నీళ్లు దిగినప్పుడు గట్టి నేల ఎక్కడి దాకా ఉందో గుర్తులు పెట్టి, అంతవరకే రానిస్తే సరిపోతుందా? నేనైతే దానికి ఒప్పుకుంటాను.

షెఫీల్డ్ సుధ: గుర్తులు పెట్టినా దాటేవాళ్లు దాటుతారు. ముంపు కుటుంబాల వారసులకు ముందుగా ఒక రోజు కేటాయించి, తోడుగా మనిషిని పంపితే నాకు సమ్మతమే.